నెల్లూరు నుంచి చిదంబరం నాట్యాంజలికి: వ్యానుకు నాలుగు స్టార్లు, లాడ్జికి రెండు

మహాశివరాత్రికి మొదలయ్యే చిదంబరం నాట్యాంజలి నృత్యోత్సవానికి మా అమ్మాయి కూచిపూడి బృందంతో వెళ్లడానికి దర్గామిట్టలో పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. రైలైతే సాధారణంగా చెన్నై సెంట్రల్‌లో దిగి ఎగ్మూరు స్టేషనుకు మారాలి. ఆహార్యం (వేషం సామాను) పెట్టెలు, జడలు, గజ్జెలు, మృదంగం మోసుకుంటూ ఆ తిప్పలు ఎవరు పడతారు?

డ్రైవరుగారు తమిళనాడు పర్మిట్ పన్ను ముందే కట్టి రసీదు చూపించారు. మృదంగాన్ని పైన కట్టకుండా వెనక సీటు మీద పడుకోబెట్టారు. ఆ ఒక్క పనికే మా గురువుగారు ఆయనకు అభిమాని అయిపోయారు. ఏసీ మాత్రం గూడూరు దాటేసరికే నీరసించింది.

లాడ్జి నటరాజస్వామి గుడికి నడిచి వెళ్లేంత దగ్గర. దాని గొప్పంతా అదే. పండుగకు అద్దె పెంచారు, అది ఏ క్షేత్రంలోనైనా ఉన్నదే. కానీ గదికి ఒకే అద్దం, అదీ స్నానాల గదిలో! పిల్లలంతా అక్కడే వరుస కట్టి కాటుక దిద్దుకున్నారు. ఇస్త్రీ పెట్టె పెట్టగానే ఫ్యూజు పోయింది. పైగా, కార్యక్రమం ముగించుకుని అర్ధరాత్రి వస్తే గేటుకు తాళం.

"పదింటికే మూసేస్తామమ్మా" అన్నాడు కాపలాదారు, శివరాత్రి నాడు!

గది తీసుకునే ముందు గేటు వేళ, వేడినీళ్ల వేళ, అద్దాల సంగతి ఫోనులోనే అడగండి. గోపుర ద్వారాల్లోని 108 కరణాల (నాట్య భంగిమల) శిల్పాలను పిల్లలకు ఉదయమే చూపించండి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు.