చెన్నై ఉక్కకు తట్టుకునే స్లైమ్ ఏది? పాండీ బజారు దుకాణంపై సమీక్ష

చెన్నై త్యాగరాయనగర్‌లో, పాండీ బజారు పక్క వీధిలో స్లైమ్‌ను, అంటే పిల్లలు పిసుకుతూ సాగదీస్తూ ఆడుకునే జిగట ముద్దను, ఇంటి పద్ధతిలో కలిపి అమ్మే చిన్న దుకాణం ఒకటుంది. నడిపే ఆవిడ నెల్లూరు వారు కావడంతో బేరమంతా తెలుగులోనే సాగింది. మా అమ్మాయి కోసం రెండు రకాలు తీసుకున్నాము. ఒకటి పారదర్శకంగా ఉండేది, రెండవది సాఫ్ట్ క్లే (పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తని ముద్ద) కలిపిన బటర్ స్లైమ్. డబ్బా ఒక్కంటికి రూ. 250 కాబట్టి చవకేమీ కాదు.

బటర్ స్లైమ్‌కు వంక పెట్టలేము. నెమ్మదిగా లాగితే జీడిపాకంలా సాగుతుంది, విసురుగా లాగితే పుటుక్కున తెగుతుంది, చేతికి మాత్రం అంటదు. పారదర్శకమైనది చూడముచ్చటగా ఉన్నా, పిసికిన ప్రతిసారీ గాలి బుడగలు చేరి తెల్లబడుతుంది. మళ్ళీ తేటపడాలంటే మూత పెట్టి కొన్నాళ్ళు కదపకుండా ఉంచాలి. అంత ఓపిక ఏ పిల్లలకుంటుంది?

అసలు చిక్కంతా ఇక్కడి ఎండతోనే. జిగురులో పాలీవినైల్ ఆల్కహాల్ అనే పదార్థపు పొడవాటి అణువుల గొలుసులుంటాయి. వెలిగారం (బోరాక్స్) నుంచి వచ్చే బోరేట్ అయాన్లు వాటిని అక్కడక్కడా ముడివేయడం వల్ల స్లైమ్ ఏర్పడుతుంది. ఆ ముడులు విడిపోతూ మళ్ళీ పడుతూ ఉంటాయి, వేడికి మరింత సడలుతాయి. అందువల్ల మే నెల మధ్యాహ్నం పారదర్శక స్లైమ్ పూర్తిగా జారుగా మారి వేళ్ళకు పట్టుకుంది. డబ్బాతో పాటు ఇచ్చిన యాక్టివేటర్, అంటే వెలిగారం కలిపిన నీరు, చుక్కచుక్కగా వేసి పిసికితే దారికి వచ్చింది. అది ఎక్కువైతే ముద్ద రబ్బరులా బిగుసుకుని తునిగిపోతుంది. అప్పుడు గోరువెచ్చని నీటిలో ముంచి గానీ, కాస్త హ్యాండ్ లోషన్ రాసి గానీ మెత్తబరచాలి. ఆట ముగిశాక గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే బూజు త్వరగా పట్టదు. బట్టలకు అంటుకున్నదాన్ని వెనిగర్ కరిగిస్తుంది, జుట్టుకు అంటితే కొబ్బరినూనె చాలు.

నాకు నచ్చని విషయం వేరే ఉంది. డబ్బా మీద ఏమేమి కలిపారో రాయలేదు, ఐఎస్ఐ గుర్తు అసలే లేదు. 14 ఏళ్ళలోపు పిల్లల ఆటవస్తువులకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆ గుర్తు తప్పనిసరి. ఐరోపా సమాఖ్య 2009 నాటి భద్రతా నిబంధనలలో జిగట ఆటవస్తువుల నుంచి వెలువడే బోరాన్ (వెలిగారంలో ఉండే మూలకం) కిలోకు 300 మిల్లీగ్రాములు మించరాదని నిర్దేశించింది. వెలిగారం ఎంత వేస్తారని అడిగితే "చేతి అంచనాయేనండీ" అన్నారు ఆవిడ, ఏ మాత్రం తడుముకోకుండా. పైగా బటర్ స్లైమ్‌కు మామిడిపండు వాసన కలిపారు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో ఇది బొత్తిగా పనికిరాదు. పెద్ద పిల్లలైనా ఆడిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కొనదలచినవారు వాసన కలపని బటర్ స్లైమ్ అడగండి, చేసి ఇస్తారు. యాక్టివేటర్ సీసా విడిగా రూ. 40కి దొరుకుతుంది, వేసవిలో అది కూడా తీసుకోవాల్సిందే.