ఇన్సుల్తోనా, ఇంజూరియానా?

మనం రోజూ వాడే 'ఇన్సల్ట్'కి మూలం లాటిన్‌లోని 'ఇన్సుల్తారే', అంటే మీదికి దూకడం. స్పానిష్, ఇటాలియన్‌లలో అది 'ఇన్సుల్తో'. చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాట, పెద్దగా చెప్పుకోవడానికేం లేదు.

అసలు కథంతా శీర్షికలోని రెండో మాటది. లాటిన్ 'ఇంజూరియా' అంటే అన్యాయం. అది ఇంగ్లీషులోకి వెళ్లి 'ఇంజురీ', అంటే గాయం అయింది. ఫ్రెంచ్‌లో తిట్టుగా మిగిలింది, అదీ కోర్టు వాసనతో. 1881 నాటి ఫ్రెంచ్ పత్రికా చట్టం ప్రకారం, "ఫలానావాడు సంఘం డబ్బు కాజేశాడు" అని రాస్తే పరువునష్టం. ఏ ఆరోపణా లేకుండా ఉత్తినే "పనికిమాలిన వెధవ" అంటే 'ఇంజూర్'. ఈ తేడా నాకు భలే నచ్చింది. బ్రెజిల్‌లో ఇలా తిట్టడం శిక్షాస్మృతి 140వ సెక్షన్ కింద నేరం. ఇటలీ మాత్రం 2016లో నేరాల జాబితాలోంచి తీసేసింది, ఇప్పుడక్కడ సివిల్ దావా వేసుకోవాలి.

రొమేనియన్‌లో ఇదే మాట కోర్టు మెట్లు దిగి వీధిన పడింది. అక్కడ 'ఇంజురా' అనే క్రియకి అర్థం బూతులు తిట్టడం!

మాడ్రిడ్‌లో ఎవరైనా మీ మీద నోరు పారేసుకుంటే స్నేహితుడికి 'ఇన్సుల్తో' అని చెప్పండి. లాయరు దగ్గరికెళ్తే మాత్రం 'ఇన్‌హూరియా' అనాలి. స్పానిష్‌వాళ్లు దాన్ని అలాగే పలుకుతారు.