ఈసీయూ రీమ్యాప్: రెండేళ్లు, 38 వేల కిలోమీటర్లు, ఐదు కోడ్లు

నాది టర్బో డీజిల్ కారు. లక్ష కిలోమీటర్లు దాటాక ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించాను, అంటే డీజిల్ ఎంత, టర్బో తోసే గాలి (బూస్ట్) ఎంత అని చెప్పే దాని మ్యాప్‌ను మార్పించాను. పార్టులేవీ ముట్టుకోలేదు, ఓబీడీ పోర్టు (స్కానర్ తగిలించే సాకెట్) ద్వారా సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చారు. పికప్ గురించి నాకు ఫిర్యాదు లేదు, ఓవర్‌టేక్ చేయడానికి గేరు దించే పని దాదాపు పోయింది. మైలేజీ పెరుగుతుందన్నారు, పెరగలేదు. తగ్గనూ లేదు. ఆ సంగతి ఇంతటితో సరి. ఈ రెండేళ్లలో నా బుర్ర తిన్నది చెక్ ఇంజిన్ లైటు.

మొదటి రోజే ఇంటికి చేరేలోపు వెలిగింది. ఆ పోర్టుకు తగిలించి ఫోన్‌లో చూసుకునే చవకరకం బ్లూటూత్ డాంగిల్ జేబులో ఉంది, పెట్టి చూస్తే మూడు లోపాల కోడ్లు: పీ0562, యూ0121, యూ0140. టెన్షన్‌తో ఫొటో కూడా తీసుకోకుండా మూడూ చెరిపేశాను. నేను చేసిన మొదటి తప్పు అదే. కోడ్ చెరిపితే దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. అంటే ఆ కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత అని ఈసీయూ దాచుకున్న రికార్డు. రీడినెస్ మానిటర్లు (పొగ తగ్గించే భాగాలను కారు తానే పరీక్షించుకున్న లెక్క) కూడా సున్నాకొస్తాయి. ఆ వారంలో, ఈ మానిటర్లను కూడా చూసే పొగ పరీక్షకు వెళ్లాల్సిన వాళ్లకైతే ఇది తలనొప్పే. అవన్నీ మళ్లీ పూర్తవ్వాలంటే రకరకాల వేగాల్లో కొన్ని రోజులు తిప్పాలి.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే ఆ మూడింటి కథ ఒకటే. పీ0562 అంటే సిస్టమ్ వోల్టేజీ తక్కువని. యూతో మొదలయ్యేవి మాడ్యూళ్ల (కారులోని చిన్న కంప్యూటర్ల) మధ్య మాటలు తెగిపోయాయని చెప్పే కోడ్లు, వీటిలో ఒకటి బ్రేకుల ఏబీఎస్‌తో, రెండోది లైట్లు, తాళాలు చూసే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌తో. ఫ్లాష్ చేసినంతసేపూ, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఈసీయూలో రాసినంతసేపూ, ఇగ్నిషన్ ఆన్‌లో, ఇంజిన్ ఆఫ్‌లో ఉంది. బ్యాటరీకి చార్జర్ తగిలించిన గుర్తు లేదు, బానెట్ తెరవనే లేదు. వోల్టేజీ పడిపోతే ఒక మాడ్యూల్ నిద్రలోకి జారుకుంటుంది, ఇంకోటి ‘అవతలివాడు పలకడం లేదు’ అని రాసిపెట్టుకుంటుంది. చెరిపాక ఆ మూడూ మళ్లీ రాలేదు. అదృష్టం బాగుండి కోడ్లతో పోయింది. రాస్తుండగా కరెంటు మరీ పడిపోయి ఉంటే ఈసీయూ సగం రాసి ఆగిపోయేది, కారు స్టార్టే అయ్యేది కాదు.

మూడో వారంలో పీ0299 వచ్చింది, టర్బో బూస్ట్ చాలడం లేదని. ఎత్తు ఎక్కుతుంటే ఉన్నట్టుండి పవర్ పోయింది, లింప్ మోడ్ (ఇంజిన్‌ను కాపాడటానికి ఈసీయూ పవర్ తగ్గించేయడం). అడిగిన ప్రతివాళ్లూ ‘మ్యాప్ పాడైంది, పాతది వేయించేయ్’ అన్నారు. నేనూ అదే కోపంతో రీమ్యాప్ చేసిన ట్యూనర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఒక్కటే అడిగాడు, ఫ్రీజ్ ఫ్రేమ్ ఏం చెబుతోందని. ఈసారి ఫొటో ఉంది: 2,350 ఆర్‌పీఎం, లోడ్ 94 శాతం. ఫ్లాష్ రోజు ఆయన తీసిన లాగ్‌లో (కారు నడుస్తుండగా తీసే అంకెల రికార్డు) అదే ఆర్‌పీఎం దగ్గర మానిఫోల్డ్ ప్రెషర్, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, 235 కిలోపాస్కల్స్. పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టి నేను లాగ్ తీస్తే 190 దాటడం లేదు. మ్యాప్ మారలేదు, మూడు వారాల్లో గాలి తగ్గింది. అంటే ఎక్కడో కారుతోంది.

ఐడిల్‌లో పెట్టి చెవి ఆనిస్తే ఏమీ వినబడలేదు. వినబడదు కూడా, ఐడిల్‌లో టర్బో తోసే గాలి నామమాత్రం. దొరికింది గుడ్డతో. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే రబ్బరు హోస్ కింది వైపు తుడిస్తే గుడ్డకు నల్లటి నూనె జిడ్డు అంటింది, మిగతా హోస్ అంతా పొడి దుమ్ము. క్లాంప్ పక్కన వేలితో నొక్కి వంచాను. అర అంగుళం చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుపోయింది, చూసినా కనబడదు. పాత బూస్ట్‌కు ఏదో నెట్టుకొచ్చిన హోస్, కొత్త ప్రెషర్‌కు ఆగలేదు. హోస్, క్లాంప్ మార్చాను, ప్రెషర్ 230 పైకి వచ్చింది, కోడ్ పోయింది. ట్యూనర్‌కు మళ్లీ ఫోన్ చేశాను, ఈసారి కాస్త మెత్తగా.

ఎనిమిదో నెలలో పీ0087, ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం) ప్రెషర్ తక్కువని. హోస్ అనుభవంతో ఈసారి నేరుగా పార్టుల మీదే పడ్డాను. డీజిల్ ఫిల్టర్ మార్చి చాలా రోజులైంది, మార్చాను. కోడ్ నెలన్నర తర్వాత మళ్లీ వచ్చింది, ప్రతిసారీ 3,800 పైన, కాలు పూర్తిగా తొక్కినప్పుడే. లాగ్‌లో కోరిన రైల్ ప్రెషర్ గీత పైకి పోతుంటే అసలు ప్రెషర్ గీత చదునుగా ఆగిపోతోంది. పంపు ఇవ్వగలిగినదానికంటే మ్యాప్ ఎక్కువ అడుగుతోంది. ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు ఫైల్ తప్పే. ట్యూనర్ ఒప్పుకుని పైఆర్‌పీఎంలో కోరికలు తగ్గించిన ఫైల్ వేశాడు. ఈసారి చార్జర్ తగిలించమని నేనే పట్టుబట్టాను. ఫ్లాష్ అంతసేపూ వోల్టేజీ 13 కిందికి దిగలేదు, యూ కోడ్ ఒక్కటి కూడా పడలేదు. మొదటి రోజు మూడు కోడ్లపై నా అనుమానం అక్కడ తీరింది.

డాంగిల్ గురించి కూడా చెప్పాలి. ఇంజిన్ కోడ్లు, లైవ్ డేటా వరకు బాగానే ఉంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్లలో ఏం పడిందో నా డాంగిల్‌కు కనబడదు, ఫ్లాష్ తర్వాత ఒకసారి పెద్ద స్కానర్‌తో కారంతా చూపించాల్సి వచ్చింది. లాగ్ తీసేటప్పుడు పది విలువలు ఎంచుకుంటే గీతలు మెట్లుమెట్లుగా వస్తాయి, మూడే ఎంచుకోండి. డాంగిల్‌ను పోర్టులోనే వదిలేస్తే 16వ పిన్‌లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి బ్యాటరీని పీల్చేస్తుంది. ఊరెళ్లి వచ్చేసరికి నా కారు స్టార్ట్ కాలేదు.

ఆ డాంగిల్‌తోనే ఇంకో సంగతి బయటపడింది. సర్వీసుకిచ్చి తెచ్చుకున్నాక కారు మందకొడిగా అనిపించింది, కోడ్లు మాత్రం ఏమీ లేవు. యాప్‌లో వెహికల్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే కాలిబ్రేషన్ నంబరు (ఈసీయూలో ఉన్న సాఫ్ట్‌వేర్ గుర్తు), దాని కిందుండే సీవీఎన్ (ఆ సాఫ్ట్‌వేర్ మారిందో లేదో చెప్పే సంఖ్య) రెండూ నేను రాసుకున్నవి కావు. సర్వీసులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు, నా మ్యాప్ ఎగిరిపోయింది. తిరిగి వేయించాను. ఇప్పుడు కారు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద ‘సాఫ్ట్‌వేర్ ముట్టుకోవద్దు’ అని రాయిస్తున్నాను.

ఇప్పటికే లైటు వెలుగుతున్న కారుకు మాత్రం రీమ్యాప్ చేయించకండి. పాత కోడ్లు ఫ్లాష్‌తో చెరిగిపోతాయి, వారానికి తిరిగొస్తే అది పాతదో కొత్తదో తేల్చలేరు. ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు), డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసేద్దామా అని నన్నూ అడిగారు, వద్దన్నాను. డీపీఎఫ్ రీజెన్ (చేరిన మసిని కాల్చేసుకోవడం) ఒకప్పుడు 450 కిలోమీటర్లకోసారి అయ్యేది, ఇప్పుడు 300కే అవుతోంది. ఆ అంకె మీద ఒక కన్నేసి ఉంచాను.