ప్లేరైట్: టైమ్‌అవుట్ పెంచే ముందు తెరిచి చూడవలసినది

వెబ్ అప్లికేషన్ల ఆటోమేషన్ టెస్టులు నెమ్మదించి, ఒకదాని తర్వాత ఒకటి టైమ్‌అవుట్‌తో (ఇచ్చిన గడువు ముగియడంతో) విఫలమవుతుంటే, చాలా బృందాలు మొదట చేసే పని సెట్టింగులోని అంకెను రెట్టింపు చేయడం. బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపి ఇటువంటి టెస్టులు చేసే పరికరం, మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసిన ప్లేరైట్‌ను ఈ ఒక్క కోణం నుంచే ఇక్కడ పరిశీలిస్తున్నాను. గడువు ముగిసిందని చెప్పి ఊరుకోకుండా, టెస్టు ఎక్కడ, ఎందుకు ఆగిపోయిందో అది చూపగలదా? చూపగలదు. అయితే డిఫాల్ట్ అమరికలను ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే ఆ మేలు చాలావరకు చేతికందదు.

క్లిక్ చేయమని చెప్పిన వెంటనే ప్లేరైట్ క్లిక్ చేయదు. పేజీలోని ఆ ఎలిమెంటు (బటన్, లింకు వంటిది) కనిపిస్తోందా, వరుసగా రెండు యానిమేషన్ ఫ్రేములలో కదలకుండా ఒకే చోట ఉందా, ఎనేబుల్ అయి ఉందా, క్లిక్ నిజంగా దానికే తగులుతుందా అని చూసుకొని, అన్నీ కుదిరాకే ముందుకు వెళుతుంది. ఇదే పనికి వాడే మరో పరికరం సెలీనియంలో ఇంప్లిసిట్ వెయిట్ (ఎలిమెంటు దొరికేదాకా దానంతటదే ఆగే సమయం) డిఫాల్టుగా సున్నా కనుక ఈ నిరీక్షణను టెస్టు రాసేవారే సమకూర్చుకోవాలి. పైగా ఇంప్లిసిట్, ఎక్స్‌ప్లిసిట్ (ఫలానా షరతు తీరేదాకా ఆగమని కోడ్‌లో రాసే) వెయిట్‌లను కలిపి వాడితే ఎంతసేపు ఆగుతుందో ఊహించలేమని దాని డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. ప్లేరైట్‌లో ఈ తలనొప్పి లేదు. నిర్ణీత సమయం ఊరికే ఆగే వెయిట్‌ఫర్‌టైమ్‌అవుట్ మాత్రం ఇందులోనూ ఉంది, అసలు టెస్టులలో వాడవద్దని డాక్యుమెంటేషన్ చెబుతున్నా పాత స్క్రిప్టులను మార్చుకొని వచ్చేవారు దానిని వెంటబెట్టుకొనే వస్తారు.

చిక్కంతా గడువుల లెక్కలో ఉంది. ఒక్కో టెస్టుకు 30 సెకన్లు, ఎక్స్‌పెక్ట్‌తో చేసే తనిఖీకి 5 సెకన్లు డిఫాల్టు గడువులు; క్లిక్, ఫిల్ వంటి చర్యలకూ, పేజీ నావిగేషన్‌కూ విడిగా ఏ పరిమితీ ఉండదు. అందువల్ల ఎప్పటికీ రాని ఒక బటన్ కోసం ఎదురుచూసే క్లిక్ టెస్టుకు మిగిలిన సమయమంతా తినేస్తుంది. ప్రతి టెస్టుకు ముందు నడిచే బిఫోర్‌ఈచ్ హుక్ కూడా ఆ 30 సెకన్లలోంచే వాడుకుంటుంది కనుక, లాగిన్‌కు 20 సెకన్లు పోతే అసలు టెస్టుకు మిగిలేది 10 సెకన్లే. అప్పుడు ఏ పాపం ఎరుగని చివరి అడుగు మీద నింద పడుతుంది. యాక్షన్ టైమ్‌అవుట్‌ను (ఒక్కో చర్యకు ఇచ్చే గడువును) 10 సెకన్ల చుట్టుపక్కల పెట్టి, లాగిన్ ఒక్కసారే చేసి ఆ స్టోరేజ్ స్టేట్‌ను (కుకీలు వంటి లాగిన్ వివరాలను) మిగతా టెస్టులకు అందిస్తే, వైఫల్యం జరిగిన చోటే బయటపడుతుంది. కాన్ఫిగరేషన్ ఫైలులో ఇంత చిన్న మార్పుకు ఇంత ఫలితం మరెక్కడా రాదేమో.

ఈ పరికరాన్ని నేను గట్టిగా సిఫారసు చేయడానికి కారణం ట్రేస్ వ్యూయర్, అంటే టెస్టు నడిచిన తీరు రికార్డును (ట్రేస్‌ను) తెరిచి చూపే సాధనం. ప్రతి చర్యకు ముందూ వెనుకా పేజీ ఎలా ఉందో, ఆ సమయంలో ఏ నెట్‌వర్క్ రిక్వెస్టులు వెళ్లాయో, కన్సోల్‌లో ఏమి పడిందో అన్నీ ఒకే కాలరేఖ మీద కనిపిస్తాయి. ఒక క్లిక్ ఆగిపోయిందనుకుందాం. దాని కాల్ లాగ్‌లో బటన్ కనిపిస్తోంది, ఎనేబుల్ అయింది, స్థిరంగా ఉంది అని ఉండి, ఆ కిందనే వేరొక డివ్ (పేజీలోని ఒక భాగం) క్లిక్‌ను అడ్డుకుంటోందని, మళ్లీ ప్రయత్నిస్తున్నానని వరుసగా పడి ఉంటుంది. స్నాప్‌షాట్ తెరిస్తే, తొలగిపోవలసిన లోడింగ్ పొర బటన్ మీద అలాగే పరచుకొని కనిపిస్తుంది. అటువంటి చోట గడువును 60 సెకన్లకు పెంచితే అదే టెస్టు 30 సెకన్లు ఆలస్యంగా విఫలమవుతుంది, అంతే.

ట్రేస్‌ను ఎప్పుడు రికార్డు చేయాలన్న ఎంపికలో ఒక మెలిక ఉంది. ఎక్కువగా కనిపించే ఆన్-ఫస్ట్-రీట్రై అమరిక మొదటి రీట్రైని (విఫలమైన టెస్టును మళ్లీ నడిపే ప్రయత్నాన్ని) మాత్రమే రికార్డు చేస్తుంది. రీట్రైలో టెస్టు నెగ్గితే దానికి ఫ్లేకీ (ఒకసారి నెగ్గి, ఒకసారి ఓడేది) అన్న ముద్ర పడుతుంది, చేతిలో మిగిలేది మాత్రం సజావుగా నడిచిన పరుగు ట్రేస్. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే టైమ్‌అవుట్‌ను పట్టుకోవాలంటే రిటెయిన్-ఆన్-ఫెయిల్యూర్ (అన్నిటినీ రికార్డు చేసి, విఫలమైన పరుగుల ట్రేస్‌నే ఉంచేది) పెట్టుకోవాలి. అన్ని టెస్టులనూ రికార్డు చేయడం వల్ల పరుగు కొంత బరువెక్కుతుంది, అయినా తప్పదు.

సీఐ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను దానంతటదే నడిపే వ్యవస్థ) యంత్రం మీద మాత్రమే వచ్చే వైఫల్యాలకు కారణం తరచుగా సమాంతరత, అంటే టెస్టులు ఒకేసారి పక్కపక్కన నడవడం. డిఫాల్టుగా లాజికల్ సీపీయూ కోర్లలో సగం సంఖ్యకు సమానంగా వర్కర్లు (టెస్టులను నడిపే ప్రక్రియలు) మొదలవుతాయి. బలహీనమైన యంత్రంలో ఆ బ్రౌజర్లు ఒకదాని సమయాన్ని ఒకటి లాక్కుంటాయి. వర్కర్లను ఒకటికి తగ్గించి చూస్తే, లోపం కోడ్‌లో ఉందా, యంత్రం మీది బరువులో ఉందా అన్నది చాలావరకు తేలిపోతుంది.

సహజంగానే ఆలస్యమయ్యే పనులు, ఉదాహరణకు పెద్ద రిపోర్టు తయారయ్యే దాకా ఆగే టెస్టులు, ఉంటాయి. వాటికి అందరి గడువూ పెంచనక్కరలేదు. టెస్ట్.స్లో అని ఒక్క మాట చేర్చితే ఆ టెస్టు గడువు మాత్రమే మూడింతలవుతుంది, అంటే డిఫాల్టు మీద 90 సెకన్లు. ఫలితం సిద్ధమయ్యేదాకా మళ్లీ మళ్లీ అడిగి చూడడానికి ఎక్స్‌పెక్ట్.పోల్ హాయిగా ఉంటుంది, దానికి 5 సెకన్ల గడువు ముందే ఉంది. కోడ్ ముక్కనంతా నెగ్గేదాకా మళ్లీ మళ్లీ నడిపే టుపాస్‌కు అలా లేదు. దాని డిఫాల్టు విలువ సున్నా (అంటే విడిగా పరిమితి లేనట్టే), ఎక్స్‌పెక్ట్‌కు మనం పెట్టిన గడువును కూడా అది పట్టించుకోదు, కనుక దాని గడువును మనమే విడిగా పెట్టవలసిందే.