డాబా మీద ఆరేళ్లుగా వాడుతున్న బొగ్గుల గ్రిల్

హన్మకొండలో మా ఇంటి డాబా మీద ఉన్న బొగ్గుల గ్రిల్‌ను 2019 దసరాకు ముందు కొన్నాము. అప్పటినుంచి చలికాలంలో దాదాపు ప్రతి ఆదివారం, మిగతా కాలాల్లో నెలకు ఒకటి రెండుసార్లు దాని మీద వండుతూనే ఉన్నాము. కొత్తగా కొనాలనుకునే బంధువులు మా ఇంటికి వచ్చినప్పుడు ముందుగా అడిగేది ఎంతమందికి సరిపోతుందని. నేను మాత్రం వారిని మూత ఎత్తి దించమంటాను, కింద గాలి రంధ్రాల మీది రేకు బిళ్లను అటూ ఇటూ జరపమంటాను. మూత బిగువుగా కూర్చుంటే, ఆ బిళ్ల తడబడకుండా జరిగితే, ఆ గ్రిల్ మీద వంట మన చేతిలో ఉంటుంది. ఆ రెండూ సరిగా లేని గ్రిల్ ఎంత పెద్దదైనా నేను కొనమని చెప్పను.

ఈ మాట ఊరికే అనడం లేదు. దీనికి ముందు రెండేళ్లు మూత లేని రేకు పెట్టె ఒకటి వాడాము. చవకగా వచ్చింది, తేలికగా ఉంది, కానీ కోడి తొడముక్క పెట్టిన ఐదు నిమిషాలకే కొవ్వు బొగ్గుల మీద కారి మంట లేచేది. పైన నల్లగా మాడిన ముక్కను కోసి చూస్తే ఎముక దగ్గర ఎర్రగా ఉండేది. నీళ్లు చిలకరిస్తే బూడిద లేచి ముక్కలకు అంటుకునేది. రెండో ఏడు తిరిగేసరికి వేడికి అడుగు రేకు ఒంగిపోయి, పెట్టె ఒక పక్కకు వాలింది.

ఇప్పుడున్నది గుండ్రటి కడవను అడ్డంగా కోసినట్టు ఉండే రకం. ఈ ఆకారాన్ని 1952లో అమెరికాలోని షికాగోలో వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్ అనే కర్మాగారంలో పనిచేసిన జార్జ్ స్టీఫెన్ తయారుచేశాడు. అక్కడ నీళ్ల మీద తేలుతూ పడవలకు దారి చూపే బోయాలకు లోహపు గోళాలు చేసేవారు. గాలికి, వానకు తన పొయ్యి ఆగడం లేదని విసిగిన ఆయన అటువంటి గోళాన్ని కోసి, ఒక సగాన్ని పొయ్యిగానూ మరో సగాన్ని మూతగానూ మలిచాడు. మాది అదే ఆకారంలో వేరొక సంస్థ చేసినది, జాలీ వెడల్పు 57 సెంటీమీటర్లు.

దీని పని తెలుసుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది. మొదట్లో వేడి చాలకపోతే బొగ్గులు కుమ్మరించేదాన్ని, ఎక్కువైతే మూత తీసేదాన్ని. మూత తీస్తే ఇంకా గాలి తగిలి నిప్పు మరింత రాజుకుంటుందన్నది నా తలకెక్కలేదు. ఒకరోజు మా అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని చూసి, "బొగ్గులు ఎక్కువేసుడు గాదు బిడ్డా, గాలి ఎంత వెడ్తున్నవో సూడు" అన్నది. చిన్నప్పుడు కుంపటి మీద మక్కకంకులు కాల్చేటప్పుడు ఆమె విసనకర్ర ఎప్పుడు ఆపేదో, ఎప్పుడు ఊపేదో అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజునుంచి మూత మీదున్న పై రంధ్రాన్ని తెరిచే ఉంచి, వేడిని కింది రంధ్రాలతోనే పెంచుతూ తగ్గిస్తూ వస్తున్నాను. కింది బిళ్లను సగానికి మూస్తే పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది. వంట అయ్యాక రెండూ మూసేస్తే గాలి అందక నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్లీ వారానికి పనికొస్తుంది. పాత పెట్టెలో వేసిన బొగ్గంతా బూడిదయ్యేది.

కోడి ముక్కలకు నేను బొగ్గులన్నీ ఒక పక్కకే నెట్టి, రెండో పక్క ఖాళీగా ఉంచుతాను. ముక్కలను ముందు నిప్పు మీద అటూ ఇటూ రెండేసి నిమిషాలు తిప్పి రంగు రానిచ్చి, తర్వాత ఖాళీ పక్కకు జరిపి మూత పెడతాను. పై రంధ్రం ముక్కల మీదికి వచ్చేటట్టు మూతను తిప్పాలి, అప్పుడే వేడీ పొగా వాటి మీదుగా బయటికి పోతాయి. ఎముకతో ఉన్న తొడముక్కలకు నలభై నిమిషాల దాకా పడుతుంది. మూతకు బిగించిన డయల్ పైనున్న గాలి వేడినే చూపుతుంది కాబట్టి దాన్ని నమ్మి ముక్క తీయకండి, గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఎముకకు తగలకుండా ముక్క నడుమ గుచ్చినప్పుడు కనీసం 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. తొడముక్కలను నేను 80 దాటేవరకు ఉంచుతాను, అప్పుడే ఎముకనుంచి కండ సుఖంగా వీడుతుంది.

మసాలాలో పెరుగు, అల్లం, ఎల్లిగడ్డ, పసుపు, ధనియాల పొడితో పాటు మా వరంగల్ చపాట మిర్చి పొడి వేస్తాను. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిరపకు రంగు ఎక్కువ, కారం తక్కువ. ముక్కలు నిగనిగలాడే ఎరుపెక్కుతాయి, పిల్లలూ తినగలుగుతారు. బెల్లం, తేనె వంటివి మొదటే పూస్తే మాడిపోతాయి, దించే ముందు పూయాలి.

కొర్రమట్ట ఈ గ్రిల్‌కు చాలా బాగా కుదిరింది. తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంచుకున్న కొర్రమీనునే మా వైపు కొర్రమట్ట అంటాము. గట్టి కండ, తక్కువ ముళ్లు ఉండటం వల్ల జాలీ మీద చితికిపోదు. జాలీని బాగా కాగనిచ్చి, సగం కోసిన ఉల్లిగడ్డను పల్లినూనెలో ముంచి రుద్ది, చేపను పెట్టాక తొందరపడి కదపకూడదు. తోలు కాలినప్పుడు అదే జాలీని విడుస్తుంది. నాటుకోడిని మాత్రం దీని మీద పెట్టి పాడుచేసుకోవద్దని కోరుతున్నాను. ముదురు మాంసం పొడి వేడికి తాళ్లలా బిగుసుకుపోతుంది. దాని రుచి నిజామాబాద్ వైపు అంకాపూర్‌లో వండే కూరలాగా రసంలో ఉడికినప్పుడే తెలుస్తుంది.

బొగ్గు సంగతికి వస్తే, ఇస్త్రీ బండ్ల వారు కొనే దుకాణంలోనే మేమూ కొంటాము. రెండు బొగ్గులను ఒకదానితో ఒకటి తట్టినప్పుడు ఖంగుమని మోగాలి. మెత్తటి చప్పుడు వస్తే సరిగా కాలనిదో, చెమ్మ పట్టినదో అనుకోవాలి. చెమ్మ బొగ్గు చిటపటమని నిప్పురవ్వలు చిమ్ముతుంది, అందుకే వానాకాలంలో మూతగట్టి డ్రమ్ములో దాచుతాము. కిరోసిన్ పోసి అంటించవద్దు, ఆ వాసన ముక్కకు పడుతుంది. అడుగున రంధ్రాలున్న పొడుగాటి డబ్బాలో బొగ్గులు నింపి, కింద రెండు న్యూస్‌పేపర్లు వెలిగిస్తే ఇరవై నిమిషాల్లో పై బొగ్గులకు తెల్లటి బూడిద పొర వస్తుంది. వాన పడుతోందని గ్రిల్‌ను గదిలోకో, మూసిన వరండాలోకో తేవడం ప్రాణాలకే ముప్పు. బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

లోపాలు దాచను. మూడో వానాకాలానికే బూడిద పళ్లెం తుప్పుపట్టి చిల్లులు పడింది. బూడిదను తీయకుండా వదిలేస్తే అది చెమ్మ పీల్చి ఇనుమును తినేస్తుంది, అందులో మా తప్పు కొంత ఉంది. కానీ ఆ పళ్లెం రేకు అంత పలుచగా ఉండాల్సింది కాదు. సంస్థకు మూడుసార్లు ఫోన్ చేస్తే ఆ భాగం విడిగా అమ్మడం లేదన్నారు. ఇన్ని వేలు పెట్టి కొన్న వస్తువుకు ఒక పళ్లెం దొరకకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. చివరికి వెల్డింగ్ షాపులో మందపాటి రేకుతో చేయించాము. జింకు పూత ఉన్న రేకు వేయవద్దని చెప్పి మరీ చేయించాను, బాగా వేడెక్కితే ఆ పూతనుంచి వచ్చే పొగ హానికరం. ఒక చక్రం ఊడింది. మూత అంచున ఎనామెల్ పెచ్చు లేచినచోట తుప్పు మొదలైంది. మొదటి జాలీ సన్నటి తీగలది కావడంతో నాలుగో ఏట మార్చి పోత ఇనుముది వేశాము. దోశ పెనంలాగే దానికీ వాడిన ప్రతిసారీ నూనె పూయాలి. ఉక్కు తీగల బ్రష్షుతో రుద్దడం మానేశాను, తీగ విరిగి తిండిలో కలిసే ప్రమాదం ఉంది. కొబ్బరి పీచు చాలు.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే ఆకారం, ఇదే కొలత కొంటాను. నలుగురికి 47 సెంటీమీటర్లది చాలుతుందని దుకాణాల్లో అంటారు కానీ, అందులో నిప్పు ఒక పక్క, ముక్కలు ఒక పక్క పెట్టేందుకు చోటు ఉండదు. కాళ్లు కదలకుండా ఉన్నాయా, విడిభాగాలు ఊళ్లో దొరుకుతాయా అన్నది డబ్బు కట్టకముందే అడగండి.

ముక్కలన్నీ దించాక మా అమ్మ రంధ్రాలు మూయనివ్వదు. నూనె రాసి గాట్లు పెట్టిన రెండు లావు వంకాయలను ఆ ఆరిపోయే నిప్పు మీద పెట్టి మూత వేయిస్తుంది. అరగంటకు అవి కుంగి, తోలు ముడుచుకుని, తొడిమ దగ్గర రసం బుడగలు కడుతుంది. ఆ తోలు వలిచి, పొగ వాసన నిండిన గుజ్జును చింతపండు పులుసులో పిసికి, పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కలిపి మరునాటి పొద్దున పచ్చిపులుసు చేస్తుంది.