మిగిలిన ఆమ్లాన్ని చూపించిన చిన్న పొటెన్షియోస్టాట్: ఏడాది వాడకం తర్వాత

బరంపురంలోని మా కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలకు అరచేతిలో ఇమిడే పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ను అదుపులో ఉంచుతూ, పారే కరంటును కొలిచే పరికరం) ఒకటి కొని ఏడాది దాటింది. ప్రోటిక్ అయానిక్ ద్రవాలలో చర్య జరగకుండా మిగిలిపోయిన ఆమ్లాన్నీ క్షారాన్నీ కనిపెట్టడానికే దీన్ని వాడాము కనుక, ఆ ఒక్క పనికి ఇది ఎంతవరకు అక్కరకు వచ్చిందో రాస్తున్నాను.

ప్రోటిక్ అయానిక్ ద్రవాలంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే కరిగి ద్రవంగా ఉండే లవణాలు; ఆమ్లం నుంచి ప్రోటాన్ క్షారానికి చేరితే ఇవి ఏర్పడతాయి. 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ సుమారు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. అయితే ఆమ్ల క్షారాల పీకేఏ (ఆమ్ల బలాన్ని తెలిపే సంఖ్య) విలువల మధ్య తేడా చాలకపోతే ప్రోటాన్ బదిలీ పూర్తికాదు. తేడా చాలినంత ఉన్నప్పటికీ, తూకంలో పొరపాటు జరిగినా, ఆరబెట్టేటప్పుడు క్షారంగా వాడిన అమీన్ కొంత ఆవిరైనా, రెండింటిలో ఒకటి మిగిలిపోతుంది. మిగిలిన అణువులకు ఆవేశం లేదు కాబట్టి, కొద్దిపాటి మోతాదులో ఉంటే వాహకత కొలిచి వాటి జాడ తెలుసుకోవడం కష్టం. కార్ల్ ఫిషర్ పద్ధతి నీటి సంగతి మాత్రమే చెబుతుంది. నీటిలో కలిపి పీహెచ్ చూద్దామంటే, కలిపిన మరుక్షణమే సమతాస్థితి మారిపోతుంది. ద్రవాన్ని ఉన్నదున్నట్టుగా ఉంచి పరీక్షించాలంటే ప్లాటినం ఎలక్ట్రోడే నమ్మదగిన దారి అని నా అభిప్రాయం.

మేము తయారుచేసినది ట్రైఇథైల్ అమీన్, ట్రిఫ్లిక్ ఆమ్లం కలిస్తే వచ్చే ట్రైఇథైల్ అమ్మోనియం ట్రిఫ్లేట్. ఇది సుమారు 34 డిగ్రీలకు కరుగుతుంది కాబట్టి మా ఊరి వేసవిలో ద్రవంగానూ, పుష్యమాసపు ఉదయాల్లో సీసా అడుగున గడ్డగానూ ఉంటుంది. అందువల్ల ప్రతి కొలతనూ 50 డిగ్రీల నీటితొట్టిలోనే చేశాము. నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తొలగించి, అల్యూమినా పొడితో అద్దంలా మెరిసేదాకా రుద్దిన 2 మిల్లీమీటర్ల ప్లాటినం డిస్కును ముంచి, పొటెన్షియల్‌ను ఋణదిశగా జరుపుతూ పోతే, అమ్మోనియం అయాన్ నుంచి హైడ్రోజన్ వెలువడడానికి చాలా ముందే తెరపై ఒక చిన్న గుబ్బ లేచింది. మైక్రోపిపెట్‌తో ట్రిఫ్లిక్ ఆమ్లం కొద్దిగా వేస్తే ఆ గుబ్బ పెరిగింది, అమీన్ వేస్తే అణగిపోయింది. తెలిసిన మోతాదుల్లో ఆమ్లాన్ని కలుపుతూ గీసిన సరళరేఖను వెనక్కి పొడిగిస్తే మొదట మిగిలి ఉన్న ఆమ్లం ఎంతో లెక్క తేలింది. మైక్రోఆంపియర్లలో వచ్చే ఈ కరంటును పరికరం ఎంతో నిలకడగా చదివింది.

అమీన్ సంగతి వేరు. ద్రవంలోకి హైడ్రోజన్ పంపి దాని ఆక్సీకరణాన్ని చూడాలి. ప్రోటాన్‌ను అందుకోవడానికి విడి అమీన్ ఉంటే హైడ్రోజన్ తక్కువ పొటెన్షియల్ దగ్గరే ఆక్సీకరణం చెందుతుంది, ఆ తరంగం ఎత్తు అమీన్ మోతాదును బట్టి ఉంటుంది. ఇక్కడా పరికరం మాట తప్పలేదు.

లోపం పెట్టెలోనే వచ్చింది. తయారీదారులు జతచేసి ఇచ్చిన రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (పొటెన్షియల్‌ను పోల్చి కొలవడానికి ఆధారమయ్యేది) నీటి ద్రావణంతో నింపిన సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రకం. అందులోంచి నీరూ క్లోరైడూ మెల్లగా మా ద్రవంలోకి ఊరి, మలినాన్ని వెతకడానికి తెచ్చిన సాధనమే మలినాన్ని కలిపింది. రెండు వారాల కొలతలు పారవేయవలసి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే ఆ ద్రవాన్ని విద్యార్థులు సెలవు రోజుల్లో కూడా వచ్చి ఆరబెట్టారు. ఆ తర్వాత వెండి తీగను ముంచి, చివర్లో కొలమానంగా పనికొచ్చే ఫెర్రోసీన్ అనే పదార్థం కలిపి పొటెన్షియల్‌ను సరిచూసుకుంటున్నాము. గోపాలపురం వైపు నుంచి తేమగాలి వీచే వానాకాలంలో మూత తీసిన సీసాను మళ్లీ వాడడం కూడా మానేశాము.

25 మైక్రాన్ల సూక్ష్మ ఎలక్ట్రోడ్‌తో మాత్రం దీనిమీద ఆశ పెట్టుకోకండి. ఇంత చిక్కని ద్రవంలో కరంటు నానోఆంపియర్ల స్థాయికి దిగిపోతుంది, అక్కడ గోడ ప్లగ్గు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొదలో అసలు సంకేతం కలిసిపోతుంది. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే కొంత నయం. సాఫ్ట్‌వేర్ ఇంగ్లిషులోనే ఉంది కనుక, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మా పిల్లల కోసం కొలత క్రమాన్ని తెలుగులో రాసి గోడకు అంటించాను.

అడిగితే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ లేకుండా తక్కువ ధరకు ఇస్తామని అమ్మకందారు తర్వాత చెప్పారు. కొనేవారు ముందే అడిగి, మిగిలిన సొమ్ముతో ఇంకొక ప్లాటినం డిస్కు తీసుకోండి.