అంటు కూరగాయ మొక్కల్లో మన పెరటికి ఏది మేలు?

ముందే చెప్పేస్తాను. పెరట్లో నేలమీద పెట్టుకునేవాళ్లయితే వంగ వేరు మీద కట్టిన టమాటా తెచ్చుకోండి, మేడ మీద కుండీలే దిక్కయితే ఒకే మొక్కకి వంకాయ, టమాటా రెండూ కాసే బ్రిమాటో బాగుంటుంది, టమాటా, బంగాళాదుంప కలిపిన పొమాటో మాత్రం మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వద్దు.

ఇవేవీ కొత్త జాతులు కావు. జీడిమామిడికి అంటు కట్టడం ఉద్దానం వాళ్లకి తెలిసిన పనే, అదే ఇక్కడ లేత నారు మీద చేస్తారు. టమాటా, వంగ, బంగాళాదుంప మూడూ ఒకే కుటుంబం కాబట్టి అతుక్కుంటాయి. గింజలు దాచుకుని వేస్తే మాత్రం టమాటా గింజకి టమాటాయే వస్తుంది, జంట మొక్క రాదు.

పొమాటో అంటే పైన టమాటా, కింద బంగాళాదుంప. ఇంగ్లండులో థాంప్సన్ అండ్ మోర్గాన్ కంపెనీ 2013లో టామ్‌టాటో పేరుతో అమ్మకానికి పెట్టింది, అక్కడి చల్లదనానికి అది సరిపోతుంది. దుంప బాగా ఊరాలంటే నేల 20 డిగ్రీల దగ్గర ఉండాలి, 30కి వచ్చేసరికి ఊరడం దాదాపు ఆగిపోతుంది. మనకి ఆ చలి ఉండేదే డిసెంబరు, జనవరిల్లో. పైగా అంటు కింద నుంచి బంగాళాదుంప చిగుర్లు లేచి చిన్న టమాటాల్లాంటి పచ్చికాయలు కాస్తే అవి విషం, పిల్లలున్న ఇంట్లో అదో టెన్షన్.

బ్రిమాటో సంగతి వేరు. వారణాసిలోని భారతీయ కూరగాయల పరిశోధన సంస్థ వాళ్లు ఒక వంగ వేరు మీద కాశీ సందేశ్ వంగనీ, కాశీ అమన్ టమాటానీ కట్టారు. వాళ్ల లెక్కలో మొక్కకి సగటున 2.38 కిలోల టమాటాలు, 2.68 కిలోల వంకాయలు వచ్చాయి. అది పరిశోధన క్షేత్రం మాట, మేడ మీద అంత ఆశ పెట్టుకోవద్దు. అయినా రెండు కుండీల చోటు ఒక కుండీతో సరిపోతుంది. ఆ వంకాయ ఒక్కోటి పావుకిలో పైనే తూగే గుండ్రటి రకం, గుత్తొంకాయ కూరకి పనికిరాదు, పచ్చడికి బాగుంటుంది. టమాటా దూకుడుగా పెరిగి వంగ కొమ్మని నీడలో పడేస్తుంది కాబట్టి పక్క చిగుర్లు తరచూ గిల్లుతూ ఉండాలి, ఆ ఓపిక లేకపోతే చివరికి ఒక్క కూరే మిగులుతుంది.

నా ఓటు మాత్రం వంగ వేరు టమాటాకే. చూడ్డానికి మామూలు టమాటా మొక్కే, ఫొటో పెట్టుకోవడానికి ఏమీ ఉండదు, కానీ మనకి అసలు కష్టం ఎక్కడుందో అక్కడ ఆదుకుంటుంది. పొద్దున్న నవనవలాడిన మొక్క మధ్యాహ్నానికి, ఆకు పసుపైనా కాకుండానే, వాలిపోయి కొద్ది రోజుల్లో చచ్చిపోవడం చూసే ఉంటారు. మొదలు దగ్గర కాండం కోసి గాజుగ్లాసులో మంచినీళ్లు పోసి కోసిన కొసని అందులో ముంచి పట్టుకోండి, కాసేపటికి పాలలాంటి తెల్లటి దారం కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులే. మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, సోకాక నయం చేసే మందు లేదు. తట్టుకునే వంగ రకం వేరుగా ఉంటే టమాటా నిలబడుతుంది. నీళ్లు నిలిచినా అంతే, టమాటా వేరు ఊపిరాడక త్వరగా చస్తుంది, వంగ వేరు కొన్ని రోజులు ఓర్చుకుంటుంది. అందుకే తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వానాకాలం టమాటాకి ఈజీ 203 లాంటి వంగ వేళ్లని సిఫార్సు చేసింది. నాగావళి, వంశధార పక్క ఊళ్లలో అక్టోబరు తుఫాను వానలు తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆకుముడత మాత్రం దీనితో ఆగదు, అది తెల్లదోమ తెచ్చే వైరస్. కొత్త మట్టి నింపిన కుండీల్లో పెట్టేవాళ్లకి ఎండు తెగులు భయం తక్కువే కాబట్టి ఒట్టి టమాటా కావాలంటే మామూలు నారు చాలు, అంటుకి ఎక్కువ డబ్బు పెట్టకండి.

నాటేటప్పుడు అతుకు మట్టికి మూడు చేతివేళ్ల మందం పైన ఉండాలి. అది పూడిపోతే టమాటా సొంత వేళ్లు దింపుకుంటుంది, తెగులు వాటిలోంచి లోపలికి వస్తుంది, అంటు కట్టిన ఫలితం పోతుంది. అతుకు కింద లేచే వంగ చిగుర్లు కనబడగానే గిల్లేయండి, గాలికి అతుకు విరగకుండా కర్ర పాతి కట్టండి. నర్సరీలో కొనేటప్పుడు వేరు ఏ రకమో అడగండి, చెప్పలేకపోయినా, అతుకు చుట్టూ పూర్తిగా మానకుండా సందు కనబడినా ఆ మొక్క తీసుకోకండి.